లాల్‌మన్ శుక్లా కేసు అందరికీ తెలుసు, తీర్పు ఎవరు చదివారు?

లా కాలేజీలో మొదటి సంవత్సరం దాటిన వాళ్లని లాల్‌మన్ శుక్లా కేసు ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు. కాన్పూరులో గౌరీ దత్ అనే వ్యాపారి ఇంటి కుర్రాడు తప్పిపోయాడు. వెతకడానికి గుమాస్తా లాల్‌మన్‌ను హరిద్వార్ పంపారు. అతను వెళ్లాక యజమాని కరపత్రాలు వేయించాడు, కుర్రాణ్ణి కనిపెట్టినవారికి 501 రూపాయలు ఇస్తామని. లాల్‌మన్ కుర్రాణ్ణి కనిపెట్టాడు. బహుమతి సంగతి తర్వాత తెలిసి దావా వేశాడు. ఆఫర్ గురించి తెలియకుండా చేసిన పని అంగీకారం కాదంటూ 1913లో అలహాబాద్ హైకోర్టు అతని వాదన తోసిపుచ్చింది. గైడ్లలో ఉండేది ఇదే, క్లాసు నోట్సులో ఇదే, యూట్యూబ్ పాఠాల్లో ఇదే. పరీక్షలో ఇదే రాస్తారు, మార్కులూ పడతాయి.

అసలు తీర్పు రెండు మూడు పేజీలకు మించదు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తీసి చదివితే మాత్రం గైడు చెప్పిన కథ అంత నున్నగా కనిపించదు. లాల్‌మన్ కుర్రాణ్ణి రిషీకేశ్‌లో పట్టుకుని యజమానికి టెలిగ్రామ్ ఇచ్చాడు. యజమాని వచ్చి పిల్లాణ్ణి తీసుకెళుతూ అతనికి రెండు బంగారు సవరన్లు ఇచ్చాడు, కాన్పూరు చేరాక ఇంకో ఇరవై రూపాయలు ఇచ్చాడు. లాల్‌మన్ ఇంకేమీ అడగలేదు. ఆరు నెలలు అదే కొలువులో కొనసాగాడు. ఉద్యోగం పోయాక దావా వేశాడు, అదీ 499 రూపాయలకు. పంపేటప్పుడే బహుమతి ఇస్తానన్నారని ప్లెయింట్‌లో (దావా పత్రంలో) రాసుకున్నాడు, అది నిజం కాదని తేలింది. కరపత్రాలు అతను బయల్దేరాకే వేశారు. అయితే వాటిలో కొన్ని హరిద్వార్‌లో ఉన్న అతనికి కూడా పంపినట్టు కనిపిస్తోందని ఆ తీర్పులోనే ఒక వాక్యం ఉంది.

ఆ ఒక్క వాక్యంతో 'తెలియకుండా' అన్న మాట కదిలిపోతుంది. జడ్జి తన నిర్ణయాన్ని నిలబెట్టింది కూడా ప్రధానంగా వేరే చోట. కాంట్రాక్టు ఉండాలంటే అంగీకారం ఉండాలని ఆయన అన్నారు, నిజమే. కానీ అసలు బరువు దీని మీద వేశారు: పిల్లాణ్ణి వెతకడం గుమాస్తా మామూలు పని కాకపోయినా, హరిద్వార్ వెళ్లడానికి ఒప్పుకోవడంతో అది అతని బాధ్యత అయింది. ఆ బాధ్యత బహుమతి ప్రకటనకు ముందే ఉంది. అప్పటికే చేయాల్సి ఉన్న పని చేయడం యజమాని కొత్త మాటకు ప్రతిఫలం (ఇచ్చిన మాటకు బదులుగా దక్కేది) కాలేదు. అంటే ఆఫర్, అంగీకారం అధ్యాయంలో కంఠస్థం చేసే కేసు సగానికి పైగా ప్రతిఫలం అధ్యాయానికి చెందింది.

గైడు తప్పని నిరూపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాంట్రాక్టు పాఠ్యపుస్తకాలు రాసిన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. చిక్కు ఎక్కడంటే, చదవని తీర్పు గురించి ధీమాగా రాయడం మొదటి సెమిస్టర్‌లోనే అలవాటు అవుతుంది. లీగల్ రైటింగ్ నేర్పడం అంటే ఆ అలవాటు పడకముందే అడ్డుకోవడం. అది ఇంగ్లిషు మెరుగుపరిచే కోర్సూ కాదు, లీగల్ నోటీసు నమూనాలు అందించే కోర్సూ కాదు.

మన దగ్గర అది ఎప్పుడు మొదలవుతుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమావళి ప్రకారం డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ (కోర్టు కాగితాలు, ఆస్తి దస్తావేజులు రాయడం) తప్పనిసరి పేపర్. అందులో డ్రాఫ్టింగ్‌కి 15 అభ్యాసాలు 45 మార్కులకు, కన్వేయన్సింగ్‌కి 15 అభ్యాసాలు 45 మార్కులకు, వైవాకి 10 మార్కులు. కాగితం మీద చూస్తే ముప్పై సార్లు రాయించే కోర్సు, చాలా మంచిది. కానీ చాలాచోట్ల ఇది వచ్చేసరికి చదువు చివరికి వస్తుంది. అప్పటికి విద్యార్థికి రాసే పద్ధతి గట్టిపడిపోయి ఉంటుంది. పైగా ఆ ముప్పై అభ్యాసాలూ 'రికార్డు' అనే పేరుతో ఇంటర్ కెమిస్ట్రీ రికార్డు దారే పడతాయి. పై క్లాసు వాళ్ల రికార్డు తెచ్చుకోవడం, పేర్లు మార్చడం, మార్జిన్ గీసి నీలం అట్ట వేయడం. అమ్మకం దస్తావేజులో తూర్పు హద్దు, పడమర హద్దు కూడా మారవు. ఒకే ఇంటి స్థలం ఏటా అరవై మందికి అమ్ముడుపోతూ ఉంటుంది.

ఇక ఇంగ్లిషు సంగతి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరిన వాళ్లకి మొదటి రోజు నుంచే ఒక టెన్షన్ ఉంటుంది. లాసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఉంటుంది కాబట్టి అక్కడిదాకా బండి నడుస్తుంది. లోపలికొచ్చాక తీర్పులన్నీ ఇంగ్లిషే. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో వ్యవహారం ఇంగ్లిషులో జరగాలని రాజ్యాంగం 348వ అధికరణ చెబుతోంది కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఇంకో లోపం దీని వెనక దాక్కుంటుంది. కాన్వెంటు ఇంగ్లిషు చదివిన విద్యార్థి కూడా లాల్‌మన్ కేసు గురించి అదే గైడు వాక్యం రాస్తాడు, కాకపోతే స్పెల్లింగు తప్పులు లేకుండా. భాష బాగుంది, కేసు చదవలేదు. దిద్దే లెక్చరర్ భాష చూసి మార్కులు వేస్తే లోపం మూడేళ్లూ బయటపడదు.

అందుకే మొదటి కసరత్తు తెలుగులో చేయించినా నష్టం లేదు, లాభమే. తీర్పు ఇంగ్లిషులో చదవాలి. ఏం జరిగిందో తెలుగులో రాయాలి, వరసగా, తేదీలతో, ఎవరు ఎవరికి ఏమవుతారో స్పష్టంగా. చేసి చూస్తే ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. లాల్‌మన్ తీర్పు మొదటి వాక్యంలోనే 'నెఫ్యూ' అని ఉంటుంది. తెలుగులో చెప్పేవాళ్లు మేనల్లుడు అనేస్తారు. ఇంగ్లిషు మాట అంత చెప్పదు. అన్న కొడుకు కావచ్చు, తమ్ముడి కొడుకు కావచ్చు, అక్క కొడుకు కావచ్చు. ఈ కేసులో చుట్టరికం వల్ల ఫలితం మారదు, నిజమే. రేపు వారసత్వ దావాలో అదే పొరపాటు జరిగితే ఆస్తి మొత్తం తారుమారవుతుంది. రికార్డులో లేని విషయాన్ని తెలిసినట్టు రాయకూడదన్న నియమం ఒక్క చుట్టరికం మాటతో మనసుకెక్కుతుంది. ఇంగ్లిషులో ఇంగ్లిషే కాపీ చేసే విద్యార్థికి ఈ సందేహమే రాదు.

వాస్తవాలు రాయడం అనేది చిన్న పని అనుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డర్ రెండో రూలు ప్లీడింగ్ ఎలా ఉండాలో చెబుతుంది: ముఖ్యమైన వాస్తవాలు, క్లుప్తంగా, సాక్ష్యం జోలికి పోకుండా. ఏది ముఖ్యమో తెలియాలంటే చట్టం తెలియాలి. చట్టంలో ఏ భాగం వర్తిస్తుందో తెలియాలంటే వాస్తవాలు తెలియాలి. ఒకదాని కోసం ఇంకోదాని దగ్గరికి తిరుగుతూనే ఉండాలి. సీనియర్ ఆఫీసులో పదేళ్లు కూర్చున్న జూనియర్‌కి ఈ తిరుగుడు చేతికి వచ్చేస్తుంది, అడిగితే మాటల్లో చెప్పలేడు. క్లాసులో దాన్ని మాటల్లో పెట్టి నేర్పాలి, అక్కడే ఈ కోర్సు కష్టం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఉండే రావుగారి కుక్క ఆదివారం పొద్దున తప్పిపోయింది. ఆయన, అపార్ట్‌మెంట్ సంఘం జీతమిచ్చే వాచ్‌మన్ యాదయ్యని పిలిచి "కాస్త చుట్టుపక్కల వెతికి రా" అన్నారు. యాదయ్య సరేనని వెళ్లాడు. గంట తర్వాత రావుగారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, కుక్కని తెచ్చినవారికి 10,000 రూపాయలు ఇస్తానని పెట్టారు. వెతుకుతూ టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు యాదయ్య ఆ మెసేజ్ చూశాడు. సాయంత్రం నాలుగింటికి కుక్కని తెచ్చి అప్పగించాడు. రావుగారు 500 చేతిలో పెట్టారు. యాదయ్య 10,000 అడగవచ్చా?

మన యూనివర్సిటీ పేపర్లలో చివర వచ్చే ప్రాబ్లమ్స్ ఇలాంటివే. మొదటి సంవత్సరం విద్యార్థి మొదటి ప్రయత్నం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: "భారత కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. ఆఫర్ అనగా… అంగీకారం అనగా… జనరల్ ఆఫర్ అనగా…" అని ఒకటిన్నర పేజీ. తర్వాత బహుమతి ప్రకటన మీద పేరుపడ్డ ఇంగ్లండ్ కేసు, కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ కేసు కథ. తర్వాత లాల్‌మన్ శుక్లా. చివర "కావున యాదయ్యకు బహుమతి రాదు" అని ఒక లైను. యాదయ్య పేరు జవాబు మొత్తంలో ఒక్కసారే వస్తుంది, అదీ ఓడిపోయేటప్పుడు. టీ కొట్టు దగ్గర మెసేజ్ చూశాడన్న సంగతి ఎక్కడా లేదు. గైడులోని లాల్‌మన్ 'తెలియకుండా' ఓడిపోయాడు కాబట్టి యాదయ్య కూడా ఓడిపోవాలి, అంతే.

ఇక్కడ లెక్చరర్ రాయాల్సిన వ్యాఖ్య ఒక్కటే: "అతను మెసేజ్ చూశాడు కదా, మరి ఎందుకు రాదు?" ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే విద్యార్థి మళ్లీ తీర్పులోకి వెళ్లక తప్పదు. వెళ్లి వచ్చాక రెండో ప్రయత్నం ఇలా ఉండవచ్చు:

"రావుగారి మెసేజ్ చూసిన తర్వాతే యాదయ్య కుక్కని తెచ్చాడు. కాబట్టి ప్రతిపాదన తెలియదన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. అసలు ప్రశ్న, మెసేజ్‌కి ముందే వెతికే బాధ్యత అతని మీద ఉందా అన్నది. లాల్‌మన్ శుక్లా కేసులో గుమాస్తా యజమాని సొంత ఉద్యోగి, దారి ఖర్చులు తీసుకుని వెళ్లడానికి ఒప్పుకున్నాడు. యాదయ్యకి జీతం ఇచ్చేది అపార్ట్‌మెంట్ సంఘం, రావుగారు కాదు. 'వెతికి రా' అంటే 'సరే' అనడం మర్యాద కొద్దీ అన్న మాట కావచ్చు. అతని మీద ముందే బాధ్యత లేదని తేలితే, కుక్కని తేవడం కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం అంగీకారం అవుతుంది, 10,000 అడగవచ్చు. ఎదుటి పక్షం మాత్రం అతను సరేనని బయల్దేరడాన్నే బాధ్యతగా చూపిస్తుంది."

ఇందులో నిర్వచనాలు లేవు, చరిత్ర లేదు. వాక్యాలు చిన్నవి. ప్రతి వాక్యంలో మనిషి గానీ వాస్తవం గానీ సెక్షన్ గానీ ఉంది. 'వాచ్‌మన్ జీతం ఎవరిస్తారు' అన్న చిన్న వివరం ఎంత బరువు మోసిందో చూడండి. మొదటి జవాబులో అది కనిపించను కూడా లేదు. మార్కులు వేయాల్సింది కూడా బహుమతి వస్తుందా రాదా అన్న ముగింపుకి కాదు, ఆ వివరాన్ని పట్టుకున్నందుకు. రెండు వైపులా వాదించగలిగే ప్రశ్నకి 'కరెక్ట్ ఆన్సర్' అంటూ ఒకటి కీలో పెట్టుకుని దిద్దితే మొదటి జవాబు కూడా నెగ్గుకొస్తుంది.

ఈ తీరుకి ఐరాక్ అనే పేరు ప్రచారంలో ఉంది. వివాదాంశం, నియమం, అన్వయం, ముగింపు అనే నాలుగు మెట్లకు ఇంగ్లిషు పొడి అక్షరాలు. ఇది విద్యార్థుల చిట్కా మాత్రమే అనుకోనక్కర్లేదు. 2022లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ అజయ్ కుమార్ సూద్ కేసులో ఒక హైకోర్టు తీర్పు అర్థం కావడం లేదంటూ సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి తిప్పి పంపింది. తీర్పులు ఎలా రాయాలో చెబుతూ ఈ నాలుగు మెట్ల పద్ధతినే వివరించింది, పేరాలకు నంబర్లు వేయమని కూడా చెప్పింది. హైకోర్టుకే చెప్పాల్సి వచ్చిన పాఠం ఫస్టియర్‌లో చెబితే తొందరపాటు కాదు. అయితే ఐరాక్‌కీ ఒక జబ్బు ఉంది. నాలుగు హెడ్డింగులు పెట్టి కింద గైడు వాక్యాలు నింపేస్తే ఐరాక్ లాగానే కనబడుతుంది. మూడో మెట్టు, అన్వయం, రెండు లైన్లలో ముగిసిపోతే మిగతా మూడూ దండగ.

రాయడం పక్కన పెడితే వెతకడం ఇంకో సగం. దీన్ని లైబ్రరీ ఓరియంటేషన్ పేరుతో ఒక మధ్యాహ్నం ముగించేస్తారు. తీర్పుల సంపుటాల్లో ఏఐఆర్ ఎక్కడుంది, ఎస్‌సీసీ ఎక్కడుంది, ఏఎల్‌టీ, ఏఎల్‌డీ ఏ బీరువాలో ఉన్నాయి, చీటీ ఇస్తే పుస్తకం ఎవరిస్తారు, అంతే. బీరువాల రోజులు దాదాపు పోయాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పేరుతో దాదాపు 34,000 తీర్పులు ఉచితంగా అందుబాటులో పెట్టింది. అదే ఏడాది ప్రైవేటు పుస్తకాల పేజీ నంబర్లతో పనిలేకుండా ప్రతి తీర్పుకీ సొంత నంబరు ఇచ్చే న్యూట్రల్ సైటేషన్ మొదలుపెట్టింది. చట్టాలు ఇండియా కోడ్‌లో ఉన్నాయి, తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ వెబ్‌సైటు ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. దొరకడం ఇప్పుడు సమస్య కాదు. దొరికినదాన్ని నమ్మవచ్చా లేదా అన్నదే అసలు పని.

ఉదాహరణకి ఒక విద్యార్థిని వ్యభిచార నేరం మీద రాయమంటే, వెతగ్గానే 1985 నాటి సౌమిత్రి విష్ణు తీర్పు దొరుకుతుంది. అందులో శిక్షాస్మృతి 497వ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఆగిపోయినవాడు 2018లో జోసెఫ్ షైన్ కేసులో అదే సెక్షన్ కొట్టేశారన్న సంగతి తెలియకుండానే పేపర్ ఇచ్చేస్తాడు. విద్యార్థి పేపర్ అయితే మార్కులు పోతాయి. బయట పోయేవి వేరు. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టేశారు. ఆ సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో సుప్రీంకోర్టు ముందుకు వస్తే ధర్మాసనం విస్తుపోయింది. ఆరేళ్ల కింద పోయిన సెక్షన్ ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కిందంటే, రాసిన చేతికీ చూసిన కంటికీ 'ఇది ఇంకా బతికుందా' అని చూసే అలవాటు లేదన్నమాట.

2024 జులై 1 తర్వాత ఈ అలవాటు అవసరం ఇంకా పెరిగింది. ఆ రోజు నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. జూన్ 30న జరిగిన దొంగతనానికి పాత 379, జులై 1న జరిగినదానికి కొత్త 303. ఇంకా తమాషా ఏమిటంటే, పాత కోడ్‌లో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు, ఎఫ్ఐఆర్ క్వాష్ చేయమని, అంటే కొట్టేయమని అడిగే సెక్షన్. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. పాత ముందస్తు బెయిల్ 438, కొత్త క్వాష్ 528. '482 కింద పిటిషన్' అని సీనియర్ చెబితే ఏ చట్టం, ఏ సంవత్సరం అని అడగకుండా కంప్యూటర్ ముందు కూర్చునే జూనియర్ సాయంత్రానికి వేరే పిటిషన్ తయారు చేసి తెస్తాడు. వెతకడం నేర్పేటప్పుడు మొదటి గడి 'ఏ తేదీ' అన్నదే కావాలి. సెక్షన్ నంబరు దాని తర్వాత.

ఏ కోర్టు అన్నది రెండో గడి. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని అన్ని కోర్టులకూ కట్టుబాటు అని 141వ అధికరణ చెబుతుంది, అక్కడిదాకా అందరికీ తెలుసు. లాల్‌మన్ శుక్లా అలహాబాద్ తీర్పు కాబట్టి తెనాలి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకి గౌరవించదగ్గదే గానీ కట్టుబాటు కాదు అన్న సంగతి మాత్రం ప్రాబ్లమ్ జవాబుల్లో ఎవరూ రాయరు. మన రాష్ట్రాల్లో ఈ లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఆంధ్ర హైకోర్టు 1954 జులై 5న గుంటూరులో మొదలైంది. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు తమకూ కట్టుబాటేనని 1955లో సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచ్ చెప్పింది. 1956 నవంబరులో హైకోర్టు హైదరాబాద్‌కి మారింది. 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది. అంటే గుంటూరు వైపు ఆస్తి దావాలో 1930ల మద్రాసు తీర్పు ఎదురు పక్షం చేతికి దొరికితే, 'అది తమిళనాడు కోర్టు కదా' అని తోసేయడానికి వీల్లేదు. ఈ చరిత్రను రాజ్యాంగం పేపర్లో వ్యాసప్రశ్నగా కాకుండా వెతికే పనిలో భాగంగా చెబితే విద్యార్థికి పట్టుబడుతుంది.

హెడ్‌నోట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తీర్పుకి పైన ఉండే సారాంశం సంపాదకుడు రాసింది, జడ్జి రాసింది కాదు. దాన్ని కోట్ చేయకూడదని చెబితే విద్యార్థులు తలూపుతారు, విద్యార్థులు వాదన సాధన చేసే మూట్ కోర్టులో మళ్లీ అదే చదువుతారు. చెప్పడం కన్నా ఒకసారి హెడ్‌నోట్ చింపేసిన తీర్పు ఇచ్చి హెడ్‌నోట్ రాయమంటే మేలు. తర్వాత అసలుది పక్కన పెట్టి చూసుకుంటారు. సంపాదకుడు వదిలేసినవీ, తాము వదిలేసినవీ రెండూ కనబడతాయి.

చాట్‌జీపీటీ వచ్చాక హెడ్‌నోట్ కూడా పాతబడిపోయింది. ఇప్పుడు అసలు లేని తీర్పులే వస్తున్నాయి. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా అనే కేసు 2023లో ప్రపంచమంతా తెలిసింది. విమానంలో భోజనాల బండి మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు వేసిన కేసు అది. అతని లాయర్లు దాఖలు చేసిన కాగితాల్లో ఉదహరించిన కేసుల్లో ఆరు అసలు ఎక్కడా లేవు. చాట్‌జీపీటీ అల్లినవి. ఇవి నిజమైనవేనా అని లాయర్ ఆ చాట్‌జీపీటీనే అడిగాడు, అది నిజమైనవేనంది. దొంగనే సాక్షిగా పిలిచినట్టు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. దీన్ని చూపించి క్లాసులో ఏఐ నిషేధం అని బోర్డు పెట్టడం వల్ల ఒరిగేది లేదు, ఇంటికెళ్లి వాడతారు. దానికన్నా, ఏఐ ఇచ్చిన ఐదు సైటేషన్లు తెచ్చి ఒక్కొక్కటీ ఈ-ఎస్‌సీఆర్‌లో తెరిచి, ఉందో లేదో, ఉంటే అది చెప్పిందే ఉందో లేదో పక్కన రాసి ఇవ్వమనడం నయం. లాల్‌మన్ శుక్లా గురించి అడిగి చూసినా చాలు. గైడు కథనే ఇంకా అందమైన భాషలో చెప్పే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నెట్ నిండా ఉన్నది ఆ కథే.

ఇదంతా బాగానే ఉంది, దిద్దేదెవరు? ఒక సెక్షన్‌లో అరవై మంది. ఒక్కో పేపర్‌కి పావుగంట వేసుకున్నా ఒక అభ్యాసానికి పదిహేను గంటలు. సెమిస్టర్‌కి నాలుగు అభ్యాసాలు, ఒక్కోదానికి రెండు ప్రతులు అంటే నూట ఇరవై గంటలు. అదే లెక్చరర్‌కి ఇంకో రెండు పేపర్లు ఉంటాయి, ఇన్విజిలేషన్ ఉంటుంది. చాలా కాలేజీల్లో పార్ట్‌టైమ్ లెక్చరర్లు కోర్టు నుంచి నల్లకోటుతోనే క్లాసుకి పరిగెత్తుకొస్తారు. అమెరికాలో లా కాలేజీలకు గుర్తింపు ఇచ్చే నిబంధనల్లోనే మొదటి ఏడాది అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక రచన తప్పనిసరి. చిన్న చిన్న బృందాలుగా నేర్పడానికి ఆ పనికే ప్రత్యేకంగా అధ్యాపకులను పెట్టుకుంటారు. మన దగ్గర లెక్క ఎక్కడ తెగిపోతుందంటే, రాయించడం సిలబస్‌లో ఉంటుంది, దిద్దడం టైమ్‌టేబుల్‌లో ఉండదు.

ఉన్నదాంట్లో చేయగలిగినవి లేకపోలేదు. పొడవు తగ్గించడం అన్నింటికన్నా ముందు. పేజీ దాటితే దిద్దనని చెబితే నిర్వచనాలు వాటంతటవే రాలిపోతాయి. ఒక్కో విడత ఒక్క విషయమే చూడటం ఇంకో దారి. ఈసారి వాస్తవాలు మాత్రమే, వచ్చేసారి అన్వయం మాత్రమే, అలా చూస్తే పావుగంట కాస్తా ఐదు నిమిషాలవుతుంది. పక్కవాడి చేత చదివించడం కూడా పనిచేస్తుంది. ఒకరు రాసిన వాస్తవాలు విని ఇంకొకరు బోర్డు మీద తేదీల గీత గీయాలి. కరపత్రం ముందా ప్రయాణం ముందా అన్నది గీతలో తేలకపోతే తప్పు రాసినవాడిది. అన్నింటికన్నా ముఖ్యంగా మార్కులు రెండో ప్రతికే వేయాలి. మొదటి ప్రతికి మార్కులు ఉన్నంతకాలం దాని మీద రాసిన వ్యాఖ్యలు ఎవరూ చదవరు, అంకె చూసి మడిచి పెట్టేస్తారు.

తీర్పు నిజంగా చదివారో లేదో తెలుసుకోవడానికి పరీక్ష కూడా అక్కర్లేదు. లాల్‌మన్ తీర్పు చేతికిచ్చిన క్లాసులో కాసేపటికి ఎవరో ఒకరు అడుగుతారు: ప్రకటించింది 501 అయితే 499కే ఎందుకు దావా వేశాడు? గైడులో ఆ అంకె ఉండదు కాబట్టి గైడు చదివినవాళ్లకి ఈ అనుమానం రాదు. రెండు సవరన్లు తీసుకున్నాడు కాబట్టి రెండు రూపాయలు తగ్గించాడా? అయితే తర్వాత ఇచ్చిన ఇరవై సంగతేమిటి? ఏదో లెక్క కట్టడానికి చేతులు దురద పెడతాయి. తీర్పు మాత్రం 499 అని చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. జవాబులో 'తగ్గించిన కారణం తీర్పులో లేదు' అని ఒక్క వాక్యం రాసి అక్కడితో ఆపేసిన పేపర్ అరవైలో ఒకటి వచ్చినా, ఆ సెమిస్టర్ దిద్దుబాటు గంటల్లో కొన్ని గిట్టుబాటైనట్టే.